చేపలకు టీకాలు

మీ యింట కోళ్ళున్నచో వానికి కొక్కెర తెగులు రాకుండ టీకా వేయించియే యుందురు. తొలకరికి ముందు పశువులకు గొంతువాపు టీకా వేయుటకై పశువైద్యులు ఊరూర తిరుగుటయు మీ రెరిగినదే. కాని చేపకు టీకా వేయుదురని చెప్పినచో నవ్వువారే యెక్కువ. అది నీటిలో నుండు ప్రాణి. చేతికి చిక్కదు, చిక్కినను జారిపోవును. పైగా ఒకటి రెండు కావు, ఒక్క చెరువులో వేలకొలది యుండును. వానికి సూదిమందు ఎవరు వేయవలెను? ఎట్లు వేయవలెను? ఈ ప్రశ్నకు ఉత్తర సముద్రతీరమున నున్న ఒక చలిదేశము సమాధానము కనుగొన్నది. ఆ సమాధాన మెట్లు దొరకినదో, అది మన కొల్లేటి చెరువుల వరకు ఏల ఇంకను సరిగా రాలేదో ఈ పూట మనవి చేయదలచితిని.

ముందుగా ఒక సందేహము తీర్చుకొందము. రోగమును కలిగించు సూక్ష్మజీవిని చంపి గాని, దాని కోరలు తీసి గాని, దేహమునకు ముందుగా చూపించుటయే టీకా. దేహము దాని రూపును గుర్తుంచుకొని, నిజమైన శత్రువు వచ్చిననాడు సిద్ధముగా నుండును. చేపకు ఇట్టి జ్ఞాపకము కలదా? కలదు. మనకు ఎముకల మూలుగలో జరుగు పని చేపలో ముఖ్యముగా మూత్రపిండము యొక్క ముందుభాగమున జరుగును. మనకున్నట్లు లింఫు గ్రంథులు దానికి లేవు; ప్లీహము, థైమస్ గ్రంథి ఉన్నవి. రోగమును ఎదుర్కొను ప్రతిరక్షకములు దాని రక్తమునను కలవు, ఒంటిమీది జిగురులోను కలవు. భేదమంతయు వేడిలో నున్నది. మన దేహపు వేడి ఏడాది పొడుగున ఒక్కటియే. చేప దేహమో, నీ రెంత వేడిగా నున్న అంత వేడిగా నుండును. నీరు చల్లబడినచో దాని రక్షణశక్తియు మందగించును. అందువలన చేపల వైద్యులు టీకా పనిచేయుటకు పట్టు కాలమును దినములలో లెక్కింపరు. నీటి వేడిని దినముల సంఖ్యతో హెచ్చవేసి లెక్కింతురు. సాల్మన్ చేపకు ఇట్టి లెక్కలో సుమారు ఐదువందలు కావలెనందురు. అనగా నీరు పది డిగ్రీలున్నచో ఏబది దినములు. ఈ లెక్క చలినీటి చేపకు కట్టినది. ముప్పది డిగ్రీల నీటిలో పెరుగు మన బొచ్చెకు, శీలావతికి అట్లే సరిపోవునని నేననను.

చేపకు టీకా వేయవలెనను ఆలోచన నేటిది కాదు. ట్రౌట్ చేపలకు ఫురంకులోసిస్ అను రోగ మొకటి వచ్చును. ఒంటిపై సెగగడ్డలవంటి గడ్డలు లేచి పగులును. దీనిని కలిగించు సూక్ష్మజీవిని 1894లోనే జర్మనీలో ఎమెరిక్, వైబెల్ అను నిరువురు కనుగొనిరి. 1942లో కెనడా పడమటి తీరమున డఫ్ అను శాస్త్రజ్ఞుడు ఆ సూక్ష్మజీవులను క్లోరోఫారముతో చంపి, మేతలో కలిపి, రెండు నెలలకు పైగా ట్రౌట్ చేపలకు తినిపించెను. తరువాత వానిని రోగమునకు గురిచేయగా, మామూలు మేత తిన్నవానికంటె ఇవి చాల తక్కువగా చచ్చినవి. చేపకు టీకా సాధ్యమని చూపిన తొలి ప్రయత్నములలో నిది ముఖ్యమైనది. ఐనను లోకము దానిని పట్టించుకొనలేదు. కారణము సులభముగా ఊహింపవచ్చును. ఆ వెంటనే సల్ఫా మందులు వచ్చినవి, వాని వెనుక యాంటీబయాటిక్ మందులు వచ్చినవి. రోగము రాకముందు రెండు నెలలు శ్రమపడుటకంటె, వచ్చిన తరువాత సంచి విప్పి మందు మేతలో కలుపుట తేలిక గదా! టీకా మాట ముప్పదేండ్లు మూలబడినది.

దానిని మరల వెలికి తీసినవారు అమెరికాలోని ట్రౌట్ రైతులు, వారికి తోడైన శాస్త్రజ్ఞులు. ఐడహో రాష్ట్రమున హాగర్మన్ లోయ యనునొక చోట ఊటనీటితో ట్రౌట్ చేపలను పెంచుదురు. అచ్చటి చేపలకు 1950 ప్రాంతమునుండి నోరు, గొంతు ఎర్రబడి చచ్చు రోగము పట్టుకొన్నది. దాని సూక్ష్మజీవికి, దానిని పరిశోధించిన రకర్ అను నాతని పేరు మీదుగా యెర్సీనియా రుకెరి యని పేరు పెట్టిరి. దానిని చంపి చేసిన టీకాకు 1976లో అమెరికాలో అనుమతి లభించెను. ఇది సూదిమందు కాదు. ఒక లీటరు టీకాను తొమ్మిది లీటర్ల నీటిలో కలిపి, చేపపిల్లలను వలబుట్టతో అందులో ముప్పది సెకనులు ముంచి తీయుటయే. ఆ పది లీటర్లతో నూరు కిలోల చేపపిల్లల వరకు ముంచి తీయవచ్చును. మొప్పలనుండి, చర్మమునుండి టీకా లోనికి పోవును. ఇంత సులువైన వైద్యము పశువులకును లేదు, మనుష్యులకును లేదు!

ఇట్లు ముంచి తీసిన చాలునన్నచో కథ ఇక్కడనే ముగియవలసినది. కాని అన్ని రోగములు ముంచుటకు లొంగలేదు. ఆ సంగతి నార్వే దేశమువారికి గట్టిగా తెలిసివచ్చినది.

నార్వే తీరమున సముద్రము భూమిలోనికి లోతుగా చొచ్చుకొనివచ్చి, ఇరుప్రక్కల కొండలతో ఇరుకైన పాయలుగా నుండును. ఆ నీటిలో వలల పంజరములు తేలగట్టి సాల్మన్ చేపలను పెంచుట 1970 దశకమున పెద్ద పరిశ్రమగా మారినది. ఆ దశకము చివర హిట్రా యను దీవి చుట్టుపట్ల చలికాలమున చేపలు ఒళ్ళంతయు నెత్తురు గ్రమ్మి చావసాగినవి. దానికి హిట్రా రోగమనియే పేరు నిలిచినది. చిత్రమేమనగా, ఇది సూక్ష్మజీవి వలన వచ్చినదా, మేతలో విటమినులు చాలకపోవుట వలన వచ్చినదా యని కొన్ని సంవత్సరములు వాదములు నడచినవి. వాదము నడచుచున్నంతకాలము టీకా చేయువాడు ఏమి చేయగలడు? దేనిని చంపి టీకా చేయవలెనో తెలియవలె గదా. 1986లో ఎగిడియస్ అను శాస్త్రజ్ఞురాలును ఆమె సహచరులును ఆ సూక్ష్మజీవిని వర్ణించి, విబ్రియో సాల్మోనిసిడా యని పేరు పెట్టిరి. కలరా పురుగునకు ఇది దూరపు చుట్టము. చల్లని నీటియందే దీనికి సుఖము. దీనికి కొద్ది కాలములోనే టీకా తయారై, రోగమును చాలవరకు అణచివేసినది.

ఆ ఊరట నిలువలేదు. 1985లో స్కాట్లాండునుండి తెచ్చిన సాల్మన్ పిల్లలతో, డఫ్ నాడు ఎదుర్కొన్న ఆ సెగగడ్డల రోగమే నార్వేలో దిగినది. పంజరమునుండి పంజరమునకు ప్రాకి, 1990 ప్రాంతమునకు కొన్ని వందల పెంపకపు చోట్లను పట్టినది. రైతు లేమి చేసిరి? అందరు రైతులును చేయునదే చేసిరి. మేతలో మందు కలిపిరి. 1987లో నార్వే చేపల పెంపకమున వాడిన యాంటీబయాటిక్ మందు సుమారు 48 టన్నులు. ఆ యేట పండిన చేప సుమారు 50 వేల టన్నులు. అనగా టన్ను చేపకు కిలో మందు చొప్పున! రోగముతో నున్న చేప మేత ముట్టదు గనుక, మందు ముట్టవలసిన చేపకు ముట్టక, ముట్టనక్కరలేని చేపకు ముట్టుచుండెను. మిగిలినది సముద్రపు అడుగున దిగెను. కొన్నాళ్ళకు ఆ సూక్ష్మజీవి మందులకు లొంగుట మానినది.

ముంచు టీకా ఈ రోగమునకు చాలలేదు. చంపిన సూక్ష్మజీవిని ఉప్పునీటిలో కలిపి సూదితో నిచ్చినను రక్షణ కొద్దికాలమే నిలిచినది. చివరకు 1990 దశకము ఆరంభమున రెండు మార్పులతో దారి దొరకినది. సూక్ష్మజీవి పైపొరలోని ముఖ్యమైన మాంసకృత్తులు పోకుండ పెంచుట మొదటిది. టీకాను నూనెతో చిలికి, చేప పొట్టలోనికి సూదితో నెక్కించుట రెండవది. నూనెలోనుండి టీకా కొంచెము కొంచెముగా నూరుచు, నెలల తరబడి దేహమునకు పాఠము చెప్పుచునే యుండును. ఒక్క సూదిలోనే రెండు మూడు రోగముల టీకాలను కలిపి యిచ్చుటయు వీలుపడినది.

ప్రతి చేపకును ఒక సూది! ఈ మాట వినిన తోడనే ఇది కోటీశ్వరుల వ్యవహారమని మీరనవచ్చును. వా రెట్లు చేయుదురో వినుడు. సాల్మన్ పిల్ల మంచినీటి తొట్లలో పుట్టి పెరిగి, తగిన ప్రాయమున ఉప్పునీటికి పోవును. ఎట్లయినను ఒకసారి దానిని పట్టి మార్చవలసినదే. ఆ మార్పునకు కొన్ని వారముల ముందే పిల్లలను మత్తుమందు కలిపిన నీటిలో విడిచి, బల్లపై పరచి, పొట్ట క్రింద కడుపు రెక్కలకు కొంచెము ముందుగా సూది గ్రుచ్చుదురు. మోతాదు ఒక మిల్లీలీటరులో పదవ వంతు. ఇప్పుడు అందులో సగమిచ్చు టీకాలును వచ్చినవి. అలవాటుపడినవాడు గంటకు వేయికి పైగా చేపలకు చేతితోనే వేయగలడు. ఇప్పుడా పనిని చాలచోట్ల యంత్రములు చేయుచున్నవి.

ఫలితము అంకెలలో చూడుడు. 1994 నాటికే నార్వేలో ఏడాదికి వాడిన మందు రెండు టన్నులకు లోపు. 2015లో అది సుమారు 300 కిలోలు. ఆ యేట వారు పండించిన సాల్మన్ సుమారు 13 లక్షల టన్నులు. టన్నుకు కిలో వాడినచోట పావుగ్రామైనను పడలేదు. ఇదంతయు టీకా ఒక్కటియే చేసినదనుట న్యాయము కాదు. ఒక యేటి పిల్లలను మరొక యేటి చేపలతో కలుపకుండుట, పంట తీసిన తరువాత ఆ చోటును కొంతకాలము ఖాళీగా నుంచుట, పంజరములకు మంచి చోట్లు ఎంచుకొనుట, ఇవన్నియు తోడైనవి. ఐనను టీకా లేక ఇవి చాలియుండెడివి కావని నా యభిప్రాయము.

ఈ నూనె టీకాకు చెల్లించిన మూల్యమును దాచుట తగదు. నూనె వలన చేప పొట్టలోని పేగులు, కాలేయము ఒకదాని కొకటి అంటుకొనిపోవును. లోపల నల్లని మచ్చలు పడును. కొన్నిటికి పెరుగుదల తగ్గును. ఈ చెరుపును కొలుచుటకే సున్న నుండి ఆరు వరకు ఒక కొలమానము నేర్పరచిరి. తొలినాటి టీకాలకంటె నేటివి మెత్తనివైనను, బాధ పూర్తిగా పోలేదు. సూది వేయువాని వ్రేలికి పొరపాటున గ్రుచ్చుకొన్నచో నూనె లోనికి పోయి వ్రేలు వాచును. ఒక్కొక్కప్పుడు ప్రాణాపాయమును కలుగవచ్చును. అందుచే నా పనివారికి ప్రత్యేకమైన జాగ్రత్తలు నేర్పుదురు. ఇది చిన్న సంగతి కాదు; మన దేశమున సూది పనికి దిగువారు దినకూలీలే యగుదురు గనుక మరియు చిన్నది కాదు.

టీకా యున్నంత మాత్రమున మందు తగ్గునని యనుకొనుటయు పొరపాటే. దక్షిణ అమెరికాలోని చిలీ దేశమును సాల్మన్ పెంపకమున నార్వే తరువాతి స్థానమున నిలిచినది. అచ్చట 1989 నుండి పిస్కిరికెట్సియా యను సూక్ష్మజీవి పీడించుచున్నది. ఇది చేప కణముల లోపలనే దాగియుండును. ప్రతిరక్షకములు కణము వెలుపల కాపలా తిరుగునవి. ఇంటిలో దూరిన దొంగను అవి పట్టలేవు. టీకాలు చాల వచ్చినను చాలినంత రక్షణ నీయలేదు. 2015లో చిలీవారు వాడిన మందు ఐదువందల టన్నులకు మించినది. ఒకే జాతి చేప, ఒకే విధమైన పెంపకము. సూక్ష్మజీవి నడవడి మారుటతో కథయే మారినది. కావున టీకా విషయమున ఒక దేశపు విజయమును మరొక దేశమునకు ఎత్తి నాటుట కుదరదు. సూక్ష్మజీవిని, చేపను, చెరువును, రైతును విడివిడిగా చూడవలెను.

ఆ నాలుగింటిని మన కొల్లేటి చుట్టుపట్ల చూతము. ఏలూరు, పశ్చిమగోదావరి, కృష్ణా జిల్లాలలో బొచ్చె, శీలావతి చేపలను పెంచు తీరు ప్రత్యేకమైనది. తవుడును చెక్కను సంచులలో నింపి, సంచికి రంధ్రములు చేసి, చెరువులో పాతిన గెడలకు వ్రేలాడగట్టుదురు. చేపలు వచ్చి రంధ్రములనుండి పీల్చుకొని తినును. రోగము కనబడగానే మందును ఆ సంచిలోనికే పోయుదురు. నీటిలో కరగగా మిగిలినది ఆకలిగొన్న చేపకు పోవును. జబ్బుపడిన చేప సంచి దరికి రాదు. నార్వేలో జరిగిన పొరపాటే ఇచ్చట సంచి రూపమున జరుగుచున్నది. కొన్ని మందులను ప్రభుత్వము నిషేధించినను సమస్య తీరలేదు.

ఇక సూక్ష్మజీవి. మన చేపలకు ఎర్రమచ్చలు, పొట్టఉబ్బు, తోక కుళ్ళు కలిగించువానిలో ముఖ్యమైనది ఏరోమొనాస్ హైడ్రోఫిలా. ఇది ఎక్కడనుండియో దిగుమతి కానక్కరలేదు. ప్రతి చెరువు నీటిలోను, అడుగు బురదలోను ఎల్లప్పుడు నుండును. చేపలు కిక్కిరిసి, నీరు చెడి, ప్రాణవాయువు తగ్గిననాడు పైబడును. ఇందు రకములు అనేకము. ఒక చెరువునుండి తీసిన రకముతో చేసిన టీకా ప్రక్క చెరువులోని రకమును ఆపునని చెప్పలేము. హిట్రా రోగమున శత్రువు ఇంచుమించు ఒకే ముఖము గలవాడు. ఇచ్చట పది ముఖములవాడు. టీకా మన చెరువులకు రాక ఆలస్యమగుటకు డబ్బుకంటె నిదియే పెద్ద కారణమని నా నమ్మకము. చేపపేనును ఏ బాక్టీరియా టీకాయు ఆపదు. 1988లో మన దేశమున ప్రవేశించిన పుండ్ల రోగమునకు మూలము బూజు. దానికిని ఈ టీకాలు పనికిరావు. పుండు కనబడగానే ఏరోమొనాస్ అనుకొనువారు ఈ సంగతి గమనింపవలెను.

మన దేశమున ప్రయత్నములు లేకపోలేదు. 1990 దశకమున మంగళూరు మత్స్య కళాశాలలోని శాస్త్రజ్ఞులు ఒక తెలివైన ఉపాయము పన్నిరి. ఏరోమొనాస్‌ను విడిగా గాక, కైటిన్ పొలుసులపై జిగురుపొరగా పెరుగనిచ్చి, తరువాత వేడితో చంపి మేతలో కలిపిరి. ఆ జిగురు కవచముగా నుండి, పేగు మొదటి భాగమున టీకా జీర్ణమై పోకుండ కాపాడి, గుర్తుపట్టు శక్తి గల చివరి భాగమునకు చేర్చును. కార్పు చేపలలో నిది మంచి రక్షణ నిచ్చెను. మేత టీకా సంచి పద్ధతికి దగ్గరిది. కాని ఏ చేప ఎంత తినినదో తెలియదను చిక్కు మిగిలియే యున్నది. 2022లో హైదరాబాదులోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ సంస్థ బొంబాయిలోని కేంద్ర మత్స్య విద్యా సంస్థతో కలిసి చేపల బాక్టీరియా రోగములకు టీకాలు తయారుచేయ పూనుకొన్నది. గాలికుంటు టీకా చేయు సంస్థ చేపవైపు చూచుట మంచి శకునమే. వియత్నాములో మెకాంగు నదీముఖమున పెంచు పంగాసియస్ చేపకు సూది టీకా 2013లోనే అనుమతి పొందినది. ఆ చేప మన జిల్లాలలోను పెరుగుచున్నది. ధర తక్కువైన చేపకు సూది గిట్టునా యని వియత్నాము రైతులు అడిగిన ప్రశ్నయే మన రైతులును అడుగుదురు.

ఇచ్చట నా కొక ఆలోచన కలదు. మన రైతులు చిన్నపిల్లలను నేరుగా పెద్ద చెరువులో వేయరు. ఇరుకు చెరువులో ఒక యేడాది దాక పొట్టిగా నిలువబెట్టి, నూరు గ్రాములో అంతకు మించియో అయిన తరువాత వలపట్టి, ఎంచి, తూచి, పెద్ద చెరువునకు మార్చుదురు. నార్వేవారు సూది వేయు సాల్మన్ పిల్లయు ఇంచుమించు ఆ పరిమాణముదే. అనగా మన పద్ధతిలోను చేప మనుష్యుని చేతిలోనికి వచ్చు దిన మొకటి ఉన్నది. టీకా తయారైననాడు, దానిని వేయుటకు క్రొత్త ఏర్పాటు చేయనక్కరలేదు. ఆ దినముననే ఒక బల్లయు, మత్తునీటి తొట్టియు పెట్టుకొన్న చాలును. శాస్త్రజ్ఞులు ప్రయోగశాల తొట్టిలోని చిన్నపిల్లలను గాక, ఈ నిలువపిల్లను దృష్టిలో నుంచుకొని పరీక్షలు చేసినచో ఎంతో కాలము కలిసివచ్చును.

ఈ మాటనే ఒకనాడు ఆకివీడు దగ్గర చెరువుగట్టున నొక పెద్ద రైతుతో నంటిని. ఆయన అంతయు విని, "బాగానే ఉందండి డాక్టరుగారూ, ఒక్కో చేపకి ఎంత పడుద్దండి?" అని యడిగెను. "రాజుగారూ, మీకు జబ్బు వలన ఏడాదికి ఎంత నష్టమో చెప్పినచో, ఎంతవరకు గిట్టునో నేను చెప్పెదను" అంటిని. ఆయన పాకలోనికి పోయి లెక్కల పుస్తకము తెచ్చెను. తవుడు, చెక్క, డీజిలు, కూలి, మందులు తేదీలతో సహా వ్రాసియున్నవి. చచ్చి తేలిన చేపల లెక్క కొరకు ఇరువురమును పుటలన్నియు త్రిప్పి చూచితిమి. అది యెక్కడను వ్రాసిలేదు.